గోడ రాలిన చోటు

"సెక్షన్ నలభై ఒకటి. ఉద్యోగి సెలవు కోరినంత మాత్రాన అది హక్కుగా..."

టప్.

పెద్దమ్మ చదవడం ఆపింది. హెడ్‌ఫోన్లు పెట్టుకుని మూల కూర్చున్న ఉడత కళ్లు గట్టిగా మూసుకుని, ఏడు వేళ్లు చూపించింది. పొద్దున్నించి అది ఏడో పెచ్చు.

"మళ్లీ మొదటినుంచా?"

"మొదటినుంచే పెద్దమ్మా."

"ఆ గోడక్కూడా చెప్పు మరి, కాస్త నోరు మూసుకోమని."

గోడ చెబితే వినే రకం కాదు. వందేళ్ల నాటి ఇంటి ముందుగది గోడ అది. మూరన్నర మందాన ఇటుక, దాని మీద ఎవరో తాతల కాలంలో పూసిన సున్నపు గార. ఇన్నేళ్లూ ఎవరి జోలికీ పోకుండా నిలబడి, ఈ ఏడాది వానలు వెళ్లాక పెచ్చులూడడం మొదలుపెట్టింది. ఒకటి బొత్తామంత, ఒకటి అరచేయంత. పెచ్చు రాలని సమయంలో పొడి రాలుతుంది. పుస్తకాల మీద పొడి, దువ్వెనలో పొడి, మూత పెట్టడం మర్చిపోతే టీలో పొడి. "ఈ ఇంట్లో మొహానికి పౌడరు కొనక్కర్లేదు, గోడకి చెంప ఆనిస్తే చాలు" అంటుంది పెద్దమ్మ.

అయినా రికార్డింగుకి ఆ గదే కావాలి. వంటింట్లో ఫ్రిజ్ గురక పెడుతుంది. వెనక గదికి ఆనుకుని వెల్డింగ్ షెడ్డు ఉంది. ముందుగదిలో కిటికీలు మూస్తే మాత్రం, ఆ మందపాటి గోడల మధ్య పెద్దమ్మ గొంతు చెంబులో పోసిన పాలలా కుదురుగా ఉంటుంది. ముప్పై ఏళ్లు బడిలో పాఠాలు చెప్పిన గొంతు. రిటైరయ్యాక, కళ్లు కనపడనివాళ్ల కోసం పుస్తకాలు చదివి పంపే పని పెట్టుకుంది.

ఉడత ఆవిడ చెల్లెలి కూతురు. చిన్నప్పుడు చేతికి దొరికిన ప్రతిదాన్నీ గిల్లి, కొరికి, లోపలేముందో చూస్తేగానీ వదిలేది కాదు కాబట్టి ఇంట్లోవాళ్లు ఆ పేరు పెట్టారు. పెద్దయ్యాక అదే పనికి జీతం ఇస్తున్నారు. ఇంకొకళ్లు రాసిన సాఫ్ట్‌వేర్‌ని ఎక్కడ గిల్లితే ఊడుతుందో కనిపెట్టి చెప్పడం ఆమె ఉద్యోగం. పాత కంపెనీ మానేసింది, కొత్తది చేరడానికి నెల రోజులుంది. ఆ నెల ఏం చేయాలో తోచక, కాలుగాలిన పిల్లిలా ఇంట్లో తిరుగుతుంటే, వాళ్లమ్మే ఇక్కడికి తోలేసింది.

అంతవరకు పెద్దమ్మ ఒక్కతే ఫోన్లో రికార్డు చేసి, ఉన్నది ఉన్నట్టు పంపేసేది. అలా తొమ్మిది అధ్యాయాలు వెళ్లిపోయాయి. ఉడత వాటిని విని గుండెలు బాదుకుంది. పెచ్చులు, దగ్గులు, కుర్చీ కిర్రులు. "ఇలాంటిది పంపిస్తే మా ఆఫీసులో నన్ను గుమ్మంలోంచి గెంటేస్తారు" అంది. "మీ ఆఫీసులో గోడలు కొత్తవి కదే" అంది పెద్దమ్మ.

ఆ పుస్తకం ఆఫీసు నిబంధనల పుస్తకం. సెలవులు, జీతాలు, సస్పెన్షన్లు. దాని అచ్చు ఎంత మాసిపోయిందంటే, చదివి వినిపించే కంప్యూటర్‌కి కూడా అక్షరాలు కూడబలుక్కోవడం చేతకాలేదు. ఎదురుచూస్తున్నది ఒకే ఒక్క మనిషి. పెద్దాసుపత్రిలో టెలిఫోన్ బోర్డు దగ్గర పనిచేసే ఆవిడ. పెద్దమ్మ ఆవిణ్ణి ఎక్స్‌ఛేంజి ఆవిడ అంటుంది. పుట్టుకతోనే చూపు లేదు. ప్రమోషన్ పరీక్ష రెండుసార్లు రాసి, రెండుసార్లూ అంచు దాకా వచ్చి తప్పింది. వచ్చే ఏడాదికి వయసు దాటిపోతుంది కాబట్టి ఇదే ఆఖరుసారి. పరీక్షకి మూడు వారాలు కూడా లేవు. షిఫ్టుల మధ్య కనీసం రెండుసార్లు వినాలంటే, మిగిలిన నాలుగు అధ్యాయాలూ ఈ శనివారానికల్లా చేరాలి.

ఇవాళ సోమవారం.

పెద్దమ్మ కూరగాయలకి వెళ్లింది. ఉడత గోడ ముందు నిలబడి ఆలోచించింది. ఊడేదేదో ముందే ఊడగొట్టేస్తే, ఇంక రాలడానికి ఏమీ మిగలదు కదా? ఆ క్షణాన ఈ వాదనలో లోపమేమీ కనపడలేదు. వంటింట్లోంచి గరిటె తెచ్చి, దాని కాడతో బొత్తామంత పెచ్చు లేపింది. దాని పక్కన అంచు కాస్త లేచి ఉంది. సరే, ఆ అంచు. అంచు తీస్తే దాని వెనక ఇంకో అంచు. ఇంత దూరం వచ్చాం, ఇదొక్కటీ తీసేస్తే శుభ్రంగా ఉంటుంది. పళ్లెమంత అయింది. తర్వాత చాపంత అయింది. ఆపుదామనుకున్న ప్రతిసారీ ఏదో ఒక మూల వంకరగా కనపడింది.

పెద్దమ్మ సంచీతో గుమ్మంలోకి వచ్చేసరికి గోడ సగం మేర ఇటుకలు బయటపెట్టుకుని, బట్టలు విప్పిన మనిషిలా సిగ్గుగా నిలబడి ఉంది. ఉడత తల నుంచి కాలి దాకా తెల్లగా ఉంది.

"అరగంట వెళ్లొచ్చానే. అరగంటలో గోడ తినేశావా?"

"ఊడేదే ఊడింది పెద్దమ్మా."

"ఊడేది గంటకొకటి ఊడుతోంది. ఇది నువ్వు ఊడదీసింది."

ఇటుకల సందుల్లోంచి ఇసుక సర్రున జారింది. నిమిషం ఆగి మళ్లీ జారింది. హెడ్‌ఫోన్లలో అది వానలా వినిపించింది. ఉడత హెడ్‌ఫోన్లు తీసి, మళ్లీ పెట్టుకుని, మళ్లీ తీసింది.

వీధి చివర హార్డ్‌వేర్ కొట్టాయన ఒక నంబరిచ్చాడు. "పాత ఇళ్ల పనంటే ఆయనే. అందరూ నిదానం మేస్త్రి అంటారు. తొందరున్నవాళ్లు పిలవరు."

మంగళవారం పొద్దున్నే నిదానం మేస్త్రి వచ్చాడు. గోడని చూడను కూడా లేదు. వేలి కణుపులతో తడుతూ, చెవి వంచి వింటూ, ఈ చివర్నించి ఆ చివరికి నడిచాడు. మధ్యలో రెండు చోట్ల సుద్దముక్కతో సున్నాలు చుట్టాడు.

"ఇక్కడ బాగుంది. ఇక్కడా బాగుంది. ఈ రెండు చోట్లా డొల్ల పలుకుతోంది, అంతే. మరి ఇంత మేర ఎవరమ్మగారూ పీకింది?"

"ఉడత," అంది పెద్దమ్మ.

మేస్త్రి పైకప్పు వైపు చూశాడు. "ఉడత ఇంత పని చెయ్యదమ్మగారూ. పందికొక్కై ఉంటుంది."

ఉడతకి పొలమారింది. నీళ్లు తాగి వచ్చి, "సిమెంట్ కొడితే రేపటికి గట్టిపడిపోతుంది కదండీ?" అనడిగింది.

"పడుతుంది పాపా. లోపలి చెమ్మకి దారి లేక, వచ్చే ఏడు మిగతా గోడని కూడా తోసుకుని బయటికొస్తుంది. అప్పుడు మాత్రం నాకు ఫోన్ చెయ్యకు."

ఆయన బకెట్లో తెచ్చిన సున్నం నెల రోజులుగా నానుతున్నదట. మీగడలా ఉంది. ఇసుకతో కలిపి, బయటపడ్డ ఇటుకల మీద నీళ్లు కొట్టి, అవి పీల్చుకునేదాకా కూర్చుని టీ తాగాడు. మళ్లీ నీళ్లు కొట్టాడు, మళ్లీ కూర్చున్నాడు. ఆయన కూర్చున్న ప్రతిసారీ ఉడత లేచి నిలబడింది. మధ్యాహ్నానికి తాపీతో విసరడం మొదలుపెట్టాడు. చప్, చప్ అని ముద్దలు గోడకి అతుక్కున్నాయి. సాయంత్రానికి మొదటి పూత అయింది.

"ఆరు రోజులు దీన్ని ముట్టుకోకూడదు. పొద్దునా సాయంత్రం నీళ్లు చిలకరించండి. కిటికీలు బార్లా తీసి ఉంచండి. సిమెంట్‌కి నీళ్లు చాలు, దీనికి మాత్రం గాలి కావాలి. గాలి తింటేనే గట్టిపడుతుంది."

"బార్లా అంటే, ఎంతండీ?" అంది ఉడత.

"బార్లా అంటే బార్లానే పాపా."

కిటికీలు తీస్తే వీధంతా లోపలికి వచ్చింది. ఎదురింటి ప్రెషర్ కుక్కర్, బడి వ్యాన్ హారన్, కత్తులు సానబట్టేవాడి చక్రం, ఒక స్కూటర్‌ని ఆగకుండా తన్నుతున్న మనిషి. పెద్దమ్మ గంటసేపు ప్రయత్నిస్తే మూడు వాక్యాలు పనికొచ్చాయి. ఉడత ఫోన్లో తారీకు చూసింది. అయిదు నిమిషాలాగి మళ్లీ చూసింది, ఈలోగా మారిపోతుందేమోనని.

బుధవారం పొద్దున్న ఆమెకి ఉపాయం తట్టింది. కిటికీలు మూసి, వాటికి బొంతలు కట్టింది. మంచాల మీద పరుపులు రెండూ ఈడ్చుకొచ్చి, గోడలోంచి ఏ చప్పుడూ వినపడకుండా తడి గోడకి నిలువునా ఆనించింది.

"మేస్త్రి ముట్టుకోవద్దన్నాడే," అంది పెద్దమ్మ.

"మనం ముట్టుకోవట్లేదుగా. పరుపు ముట్టుకుంటోంది."

పెద్దమ్మ ఆ పరుపుల్ని ఒకసారి, కేలండర్‌ని ఒకసారి చూసి, కళ్లజోడు పెట్టుకుంది.

గది గప్‌చుప్ అయిపోయింది. బుధ, గురువారాల్లో పదో అధ్యాయం, పదకొండో అధ్యాయం అయిపోయాయి. కంప్యూటర్ తెర మీద శబ్దం గీత నున్నగా, ఒక్క ముల్లు లేకుండా సాగింది. ఉడతకి ఎంత హాయిగా అనిపించిందంటే, ఖాళీ దొరికినప్పుడల్లా పాత తొమ్మిది అధ్యాయాల మీద కూడా పడింది. ప్రతి పెచ్చునీ, దగ్గునీ, కిర్రునీ వెతికి పట్టుకుని తీసేసింది. రెండు వందల పదకొండు. పదకొండు అధ్యాయాలూ కలిపి గురువారం సాయంత్రం పంపించి, చివర తన గొంతుతో ఒక ముక్క చెప్పింది. "పాతవి తీసేసి ఇవి పెట్టుకోండి. ఇవి చాలా శుభ్రంగా ఉంటాయి."

శుక్రవారం పొద్దున్న నిదానం మేస్త్రి చెప్పకుండా వచ్చాడు. "ఇటుగా పోతూ, గోడ ఎలా ఉందో చూసిపోదామని," అంటూ గుమ్మంలో ఆగిపోయాడు. గదిలో గోడ లేదు, పరుపులున్నాయి.

"తీసేస్తానండీ, ఇప్పుడే తీసేస్తాను," అంటూ ఉడత ఒక పరుపుని లాగింది. అది చీదినట్టు చప్పుడు చేసి వచ్చింది. దానితోపాటు గార కూడా వచ్చింది. పరుపు వెనక దళసరిగా, ఎగుడుదిగుడుగా, మేస్త్రి చేతి వరసలతో సహా అతుక్కుని ఉంది. గోడ మీద మిగిలింది చెమటలు కక్కుతూ మెల్లగా కిందికి జారింది.

మేస్త్రి అరవలేదు. కిటికీకి కట్టిన బొంత విప్పి, రెక్కలు తెరిచి, కిటికీ గట్టు మీద కూర్చున్నాడు. అరిచి ఉంటే బాగుండుననిపించింది ఉడతకి.

"ఎన్నాళ్లు కప్పారు?"

"రెండ్రోజులండీ."

"రెండ్రోజులు నీ ముక్కు మీద పరుపు పెడితే నువ్వుంటావా పాపా?"

అప్పుడే ఫోన్ మోగింది. పెద్దమ్మ స్పీకర్ నొక్కింది. ఎక్స్‌ఛేంజి ఆవిడ గొంతు గదంతా నిండింది. రోజుకి వెయ్యిసార్లు "లైన్లో ఉండండి" అని చెప్పే గొంతు, గట్టిది.

"అక్కా! నా పుస్తకం ఎవరో దొంగిలించారు!"

"ఎవరూ దొంగిలించలేదమ్మా, మా చెల్లెలి కూతురు శుభ్రం చేసింది."

"శుభ్రం చేసిందా! అక్కా, నేను సెలవుల రూల్సన్నీ పెచ్చులతో గుర్తుపెట్టుకున్నా. మూడో అధ్యాయంలో పెద్ద పెచ్చు పడి, మీరు అబ్బా అని కుర్చీ జరుపుకున్నారా, అది అవగానే ఆర్జిత సెలవు. రెండు చిన్నవి వెంటవెంటనే పడ్డ చోట జీతం లేని సెలవు. మీకు పొలమారిన చోట ప్రసూతి సెలవు. ఇప్పుడు ఏది ఎక్కడుందో తెలీట్లేదు. అంతా నున్నగా ఉంది. కొత్త వరండాలో నడుస్తూ, తడుముకుందామంటే గోడే లేనట్టుంది!"

ఉడత సున్నం చేతులతోనే ఫోన్ దగ్గరికి వచ్చింది. "టైము చూసుకోవచ్చు కదండీ? ఇన్నో నిమిషం దగ్గర ఇదీ అని..."

"నువ్వేనా చెల్లీ? నాలుగొందల ఎక్స్‌టెన్షన్ నంబర్లు మోస్తున్నా బుర్రలో. ఇంక నంబరు పెట్టడానికి చోటు లేదు. నువ్వు చెప్పావని పాతవన్నీ తీసేశా కూడాను."

 పరుపు మీదినుంచి ఒక గార ముద్ద ఊడి నేల మీద పడింది.

"అదీ! అలాంటిదే!" అంది ఫోన్.

"ఉన్నాయి," అంది ఉడత. "ఉన్నాయండీ! పాతవి రెండు చోట్ల దాచా." ఆ వారంలో ఆమె ఊడగొట్టకుండా వదిలేసింది అదొక్కటే. అవన్నీ అప్పటికప్పుడే పంపేసింది. తర్వాత మెల్లగా చెప్పింది. "కానీ పది, పదకొండు అధ్యాయాలు... అవి చదివినప్పుడే ఏ చప్పుడూ లేదు. వాటికి పాతవి లేవు. కావాలంటే ప్రతి సెక్షన్ ముందూ ఒక చప్పుడు కలుపుతా."

"అన్నీ ఒకేలా కొడతావు చెల్లీ. ఒకేలా ఉన్నవి గుర్తెలా అవుతాయి? ఆ రెండూ ఎలాగో బట్టీ పడతాలే. మిగిలిన రెండిటి సంగతేంటి? రేపేగా శనివారం?"

పెద్దమ్మ మేస్త్రి వైపు చూసింది. మేస్త్రి గోడ వైపు చూశాడు. "ఇవాళ ఇదంతా గీకి కడగాలి. రేపు పొద్దున్న కొట్టాలి. కిటికీలు మాత్రం మూయనివ్వను," అన్నాడు.

"కిటికీలు తీస్తే వీధంతా నీ పుస్తకంలోకి వస్తుందమ్మా," అంది పెద్దమ్మ ఫోన్‌తో. "పైగా ఈయన చప్పుడు."

"రానివ్వండక్కా. ఎంతమంది వస్తే అంత మంచిది. మేస్త్రి గారిని పని ఆపొద్దనండి. మీరూ ఆపొద్దు. చెల్లి మాత్రం ఏదీ ముట్టుకోవద్దు."

శనివారం అలాగే జరిగింది. కిటికీలు బార్లా. ఒక వైపు పెద్దమ్మ కుర్చీ, ఇంకో వైపు మేస్త్రి బకెట్. మధ్యలో ఉడత, రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చుంది. రికార్డింగు మొదలుపెట్టడం, ఆపడం, అంతే ఆమె పని. తెర మీద ముళ్లు అడవిలా లేచాయి. కుక్కర్ కూసింది. సానబట్టేవాడు పన్నెండో అధ్యాయం మూడో సెక్షన్ పొడుగునా చక్రం తిప్పాడు. ఒక్కో చప్పుడుకీ ఉడత భుజాలు ఎగిరిపడ్డాయి. పెద్దమ్మ ఆగలేదు.

"సస్పెన్షన్‌లో ఉన్న ఉద్యోగి హెడ్‌క్వార్టర్స్ విడిచి వెళ్లరాదు..."

చప్. "పాపం, సొంత ఇంటికి కూడానా?" అన్నాడు మేస్త్రి, తాపీ పట్టుకుని.

"...పై అధికారి ముందస్తు అనుమతితో వెళ్లవచ్చును," అంది పెద్దమ్మ, గొంతు మార్చకుండా.

"అలా చెప్పండి," అన్నాడు మేస్త్రి. చప్.

ఉడత చెయ్యి తొడ కిందనుంచి సగం బయటికి వచ్చింది. పెద్దమ్మ పుస్తకంలోంచి తల ఎత్తకుండానే కనుబొమ్మ ఎగరేసింది. చెయ్యి వెనక్కి వెళ్లింది.

సాయంత్రం అయిదింటికి రెండు అధ్యాయాలూ వెళ్లిపోయాయి, ఉన్నవి ఉన్నట్టు.

తర్వాతి రోజులు గోడకి నీళ్లు చిలకరించడంలో, ఫోన్ చూసుకోవడంలో గడిచాయి. ఆరు రోజులకి రెండో పూత పడింది. ఉడత అట్టముక్కతో దోమల్ని తోలినట్టు గోడకి విసురుతుంటే, "గాలంటే అది కాదు పాపా," అన్నాడు మేస్త్రి.

పరీక్ష అయిన మర్నాడు ఆదివారం మధ్యాహ్నం ఎక్స్‌ఛేంజి ఆవిడ ఫోన్ చేసింది.

"పన్నెండూ పదమూడూ చిలకలా అప్పజెప్పా అక్కా. సస్పెన్షన్ ప్రశ్న దగ్గర, పాపం సొంత ఇంటికి కూడానా అని వినపడి, నవ్వాపుకోలేకపోయా. నేను చెబుతుంటే రాసే అమ్మాయి భయపడిపోయింది, ఏమైంది మేడం అని."

పెద్దమ్మ కూడా నవ్వింది. ఉడత నవ్వలేదు. "పదో అధ్యాయం?" అనడిగింది.

అవతల కుర్చీ జరిగిన చప్పుడైంది.

"అందులోంచి రెండొచ్చాయి చెల్లీ. ఒకటి చెప్పా. ఇంకోటి వెతుక్కుంటూ వెతుక్కుంటూ ఉండగానే గంట కొట్టేశారు. సగమే అయింది."

"నావల్లే."

"నీవల్లే," అంది ఆవిడ, కోపం లేకుండా, రాంగ్ నంబరని చెప్పినంత మామూలుగా. "ఫలితాలు నెలన్నరకి. మళ్లీ అంచు మీదే ఉంటా, అంతే. ఈలోగా రోజూ ఫోన్ చేసి నన్ను గిల్లకు. ఏదున్నా నేనే చేస్తా."

నెలన్నర. ఉడత గదిలో ఇటునుంచి అటు నడిచింది. ఎల్లుండే ఆమె ప్రయాణం. సంచీ సర్దింది, విప్పింది, మళ్లీ సర్దింది. చివరికి గోడ దగ్గర ఆగి, మేస్త్రి నేర్పినట్టు వేలి కణుపులతో తట్టి చూసింది. నిండుగా పలికింది. అంగుళం జరిగి ఇంకోసారి తట్టింది. ఇక్కడా నిండుగానే. స్విచ్‌బోర్డు పక్కన, పాత గార మీద, బొత్తామంత పెచ్చు అంచు లేచి కనపడింది. ఈమె కోసమే లేచినట్టు ఉంది. గోరు దానంతటదే వెళ్లి ఆ అంచు కింద ఆగింది.

కాసేపటికి ఆమె కిటికీ గట్టు మీద మేస్త్రి మర్చిపోయిన సుద్దముక్క తీసుకుని, ఆ పెచ్చు చుట్టూ ఒక సున్నా చుట్టి, కింద తారీకు వేసింది.

"ఏం చేస్తున్నావే అక్కడ?" అంది పెద్దమ్మ వంటింట్లోంచి.

"ఏమీ చెయ్యట్లేదు పెద్దమ్మా."

"నిజంగా?"

"నిజంగానే," అంది ఉడత. చేతులు వెనక్కి కట్టుకుని, ఆ పెచ్చు రాలుతుందేమోనని చూస్తూ, అక్కడే నిలబడింది.